లాంతర్లు ఆర్పే పిన్ని

జూన్ 3, మంగళవారం

వాన. నిన్న ఆరేసిన బట్టలు ఇవాళ మళ్లీ పిండాను. న్యూజిలాండ్‌లో ఈ లోవర్ హట్ ఊళ్లో బట్టలు ఎండాలంటే దేవుడికి మొక్కుకోవాలి.

ఆయన పొద్దున్నే ట్రైనెక్కి వెల్లింగ్టన్ ఆఫీసుకి వెళ్లిపోయారు. ఆయన కూతురు నిహారికను స్కూల్లో దింపి వచ్చాను. ఇక సాయంత్రం బడి వదిలేదాకా నాతో మాట్లాడేది ఒక కేసెట్టు. నవ్వొచ్చే సంగతే. అయినా ఎవరు చూడొచ్చారు కనక.

ఆ పిల్ల దగ్గర నాలుగు బొమ్మల పుస్తకాలున్నాయి, వాళ్లమ్మ కిరణ్మయి పోకముందు కొన్నవి. ఒక్కో పుస్తకానికి ఒక్కో కేసెట్టు. ఏవో కార్టూన్ సినిమాల్లోంచి తీసిన బొమ్మలు, మనుషులకి ముఖంలో సగం కళ్లే. కేసెట్టులో ఒకావిడ కథ చదువుతుంది. గంట మోగినప్పుడల్లా మనం పేజీ తిప్పాలి. నేను గిన్నెలు కడుగుతూ వింటాను. ఇంగ్లిష్ బాగుపడుతుందని వినడమే, అంతకంటే ఏం లేదు. టీవీలో వాళ్లు గబగబా మాట్లాడేసి వెళ్లిపోతారు. ఈవిడ నయం, ఆగి ఆగి చెబుతుంది, నేను పేజీ తిప్పేదాకా ఊరుకుంటుంది.

నాకు తోచకపోవడం అంటూ ఏమీ లేదు. ఇంట్లో బోలెడు పని.

జూన్ 4, బుధవారం

గాలి. రోజంతా గాలే.

జూన్ 6, శుక్రవారం

పట్టుబడిపోయాను.

స్కూల్ నుంచి రాగానే ఆ పిల్ల టేప్‌రికార్డర్ నొక్కి, చటుక్కున నా వైపు తిరిగింది.

"సమ్‌బడీ మూవ్డ్ మై టేప్. ఐ స్టాప్డ్ ఎట్ ద హెడ్జ్‌హాగ్."

"నేనే విన్నాను. ఇంగ్లిష్ నేర్చుకుందామని."

"బట్ ఇట్స్ ఎ కిడ్స్ బుక్, ఆంటీ."

"నాకు వచ్చింది కిడ్స్ ఇంగ్లిషే."

కాసేపు ఆలోచించింది. "ఓకే. కానీ మళ్లీ నా ప్లేస్‌లో పెట్టాలి."

ఆరేళ్ల పిల్ల నాకు రూలు పెట్టింది. సరేనన్నాను. ఏప్రిల్లో ఈ ఇంట్లోకి వచ్చాక మేమిద్దరం ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడుకోవడం ఇదే.

ఆంటీ. ఇక్కడ ఆడవాళ్లందరూ ఆంటీలే. మూల మీద డెయిరీలో పాలూ బ్రెడ్డూ అమ్మే శివ్‌వతి ఆంటీ, గుడిలో ప్రసాదం పెట్టే ఆంటీ, నేనూ ఒక ఆంటీ. పెళ్లికి ముందే ఆయన చెప్పారు, "అమ్మ అనమని తొందరపెట్టద్దు. పిన్ని అందామంటే దానికి వైజాగులో సొంత పిన్ని ఉంది. ఆంటీ అననీ" అని. నాకేం, ఎలా పిలిస్తే ఏం.

జూన్ 8, ఆదివారం

సాయంత్రం వైజాగు నుంచి శకుంతల ఫోను. కిరణ్మయి చెల్లెలు. కిరణ్మయి పోయాక ఈ పిల్లని ఏడాది పాటు తన దగ్గరే పెట్టుకుని పెంచింది. ప్రతి ఆదివారం చేస్తుంది.

"పిన్నీ!" అని ఇల్లు అదిరేలా ఒక అరుపు. తర్వాత నవ్వులే నవ్వులు. ఆ పిల్ల నవ్వడం నేను వినేది వారానికి ఒకసారి, అదీ గోడకి ఇవతల నుంచి.

చివర్లో ఫోన్ నాకిచ్చింది.

"అక్కా, బాగున్నారా?"

రెండో ఆవిడ వస్తే అక్కా అనే పిలవాలని వాళ్లమ్మగారు చెప్పి ఉంటారు. పాపం, ఆ మాట ప్రతిసారీ ఆవిడ గొంతుకి అడ్డం పడుతుంది.

"డిసెంబరు సెలవులకి పాపని పంపించండక్కా. ఇక్కడే స్కూల్లో వేసేస్తాను. నాకు పిల్లలు లేరు కదా. మీరా కొత్తగా పెళ్లయినవాళ్లు. మీకూ వీలుగా ఉంటాది."

అన్నం తింటూ ఆయన అడిగారు. "జూలై నెలాఖరుకల్లా టికెట్లు తీసుకోవాలి. నువ్వేమంటావు రమా?"

"మీ ఇష్టం."

"నా ఇష్టమేముంది. పాపని అడిగితే వైజాగే అంటుంది."

పంపిస్తే అందరికీ సుఖమే. పిల్లకి పిన్ని దొరుకుతుంది, శకుంతలకి పిల్ల దొరుకుతుంది, నాకు తీరిక దొరుకుతుంది. తీరిక అని రాశాక ఆ మాట వైపే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడేదో తీరిక లేక చస్తున్నట్టు.

జూన్ 17, మంగళవారం

టేప్‌రికార్డర్ కేసెట్టుని మింగేసింది. 'లాంతర్ల రాకుమారి' కేసెట్టు, ఆ పిల్లకి నాలుగింట్లోకీ ఇష్టమైనది. పెన్సిల్ పెట్టి తిప్పి తిప్పి చుట్టాను. మధ్యలో పుటుక్కుమని తెగింది.

గోల పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. తెగిన రిబ్బను చేతికి చుట్టుకుని అడిగింది.

"ఈజ్ ద లేడీ డెడ్?"

ఆవిడ హాయిగా వాళ్లింట్లో ఉంటుంది, ఇది ఉత్త టేపు అని చెప్పాను. నమ్మినట్టు లేదు. అప్పుడు నాకే తెలియకుండా అనేశాను, "ఆ కథ నాకు మొత్తం వచ్చు. చెప్పనా?"

రాక ఏం చేస్తుంది. రోజూ వింటున్నదేగా.

ఒళ్లో పుస్తకం పెట్టుకుని తెలుగులో చెప్పాను. గంట బదులు స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టాను. అడవి, రాజుగారు, కొవ్వొత్తి మోసే ముళ్లపంది, అన్నీ బాగానే వచ్చాయి. రాజుగారు ఓడెక్కగానే కోటలో లాంతర్లన్నీ ఒక్కటొక్కటే ఆర్పేసే ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. పుస్తకంలో స్టెప్‌మదర్. తెలుగులో సవతి తల్లి. ఆ మాట నేను, నా నోటితో, ఆ పిల్ల ముందు ఎలా అనను? మా తణుకులో తండ్రి రెండో పెళ్లి చేసుకుంటే వచ్చినావిణ్ణి పిల్లలు పిన్ని అనే అంటారు. పిన్ని అన్నాను.

"స్టెప్‌మదర్ అంటే పిన్నియా?"

"ఆ, అంతే" అని పేజీ తిప్పేశాను.

కథ ఆఖరిదాకా నోరు తెరుచుకుని వింది. నాకు చాలా గొప్పగా అనిపించింది. అనిపిస్తే రాసుకోవడంలో తప్పేముంది.

జూన్ 20, శుక్రవారం

మళ్లీ చెప్పించుకుంది. ముళ్లపంది గొంతు మార్చి చెప్పాలట.

జూన్ 24, మంగళవారం

ఈ వారంలో నాలుగోసారో, ఐదోసారో. ఇవాళ హీటర్ పక్కన కూర్చున్నా కాళ్లు చల్లగా ఉన్నాయంటూ నా శాలువాలో దూర్చింది. మంచు ముక్కల్లా ఉన్నాయి. కథ అయిపోయాక కూడా తీయలేదు. నేను లేవాల్సి ఉంది, కుక్కర్ కూతలు పెడుతోంది. లేవలేదు. పప్పు అడుగంటింది.

జూన్ 29, ఆదివారం

ఫోన్ మోగితే నిహారిక తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కడుపునొప్పి అంది. శకుంతల నాతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది.

ఫోన్ అయిపోయాక కడుపునొప్పి తగ్గిపోయింది. రెండు అట్లు తింది.

జూలై 6, ఆదివారం

ఇవాళా రాలేదు. ఆయన ఎత్తుకుని తీసుకురాబోతే మంచం కోడు పట్టుకుని వదల్లేదు.

"ఐ డోంట్ వాంట్ టు టాక్ టు పిన్ని. వైజాగ్ వెళ్లను. ఎవర్!"

అది ఫోన్లో వినబడే ఉంటుంది. శకుంతల నాతో అంది, "అక్కా, పాపకి ఏం నూరిపోస్తన్నారు మీరు?" ఈసారి అక్కా అన్న మాట ఎక్కడా అడ్డం పడలేదు, సూటిగా వచ్చి తగిలింది.

ఆయన కూడా అదోలా చూశారు.

"నేనేం చెయ్యలేదండీ" అన్నాను.

నిజంగానే ఏం చెయ్యలేదు. దానంతట అదే వెళ్లనంటే నేనేం చెయ్యను? శనగపప్పు నానబోసి బొబ్బట్లు చేశాను. ఇవాళ బొబ్బట్లేమిటని ఎవరూ అడగలేదు. నాకు చాలా సంతోషంగా ఉంది. శకుంతల మీద జాలి కూడా ఉంది, లేదని కాదు.

జూలై 10, గురువారం

స్కూలు సెలవులు. రోజంతా ఇద్దరం. క్రేయాన్లు ముందేసుకుని బొమ్మలు గీస్తోంది. నేను బియ్యం ఏరుతున్నాను. ఇక్కడి బియ్యంలో రాళ్లుండవు, అలవాటు కొద్దీ ఏరడమే.

కోట గీసింది. చీకటిగా నల్లరంగు పూసింది. మధ్యలో లాంతరు ఆర్పుతున్న ఆవిడ. ఆవిడకి కళ్లద్దాలు, పొడుగు జడ, జడలో పువ్వులు. పుస్తకంలో ఆవిడకి కిరీటం ఉంటుంది, పువ్వులుండవు.

"ఎవరీవిడ?"

"పిన్ని."

"ఏ పిన్ని?"

"వైజాగ్ పిన్ని." ఇంత తెలియదా అన్నట్టు చూసింది. "నువ్వే చెప్పావు కదా, స్టెప్‌మదర్ అంటే పిన్ని అని."

నా చేతిలో బియ్యం చేతిలోనే ఉన్నాయి.

"వైజాగ్ పిన్ని నిన్ను బాగానే చూసుకుంది కదమ్మా?"

"షి వాజ్ నైస్. కథలో కూడా ఫస్ట్ నైస్‌గానే ఉంటుంది. కింగ్ షిప్ ఎక్కేదాకా." గొంతు తగ్గించింది. "అండ్ వైజాగ్‌లో ఎవ్రీ డే లైట్స్ పోతాయి, ఆంటీ. అన్నీ పోతాయి. ఫ్యాన్ కూడా. ఐ నో హూ డస్ ఇట్."

కరెంటు కోత తల్లీ అని చెప్పాలి. రెండే మాటలు, నోటిదాకా వచ్చాయి.

"బొమ్మ బాగుంది" అన్నాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

జూలై 11, శుక్రవారం

చెప్పాలి.

జూలై 12, శనివారం

రేపు ఫోన్ వచ్చేలోపు చెప్పేస్తాను.

జూలై 13, ఆదివారం

చెప్పలేదు.

"పాపకి జలుబు చేసింది, పడుకుంది" అని శకుంతలతో అన్నాను. అది నా పక్కనే, నా శాలువా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. అబద్ధం చెబుతున్నానని దానికి తెలుసు. నేను దాని పక్షాన ఉన్నాననుకుని నవ్వింది కూడా.

జూలై 15, మంగళవారం

చిన్నపిల్ల. పెద్దయితే అదే తెలుసుకుంటుంది. ఇప్పుడు చెప్పినా ఏం అర్థమవుతుంది? అయినా నేను కావాలని అన్న మాట కాదు. మా ఊళ్లో అలాగే అంటారు. ఎవరినడిగినా చెబుతారు.

డెయిరీకి వెళ్లాం, పాలకి. శివ్‌వతి ఆంటీ ఫిజీ మనిషి. వాళ్ల అమ్మమ్మగారు తెలుగువారట. ఆవిడ నుంచి ఈవిడకి మిగిలినవి అమ్మ, అన్నం, నీళ్లు. ఆ మూడు మాటలూ అయిపోయాక హిందీలోకి దిగుతుంది. నాకూ బడి హిందీ ఏదో వచ్చు.

"మీ అమ్మాయి అచ్చం నీలాగే నడుస్తుంది" అంది.

నేను కాదనలేదు. నిహారిక లాలీపాప్‌లు చూసుకుంటోంది, వినలేదు. ఇంటికొచ్చేటప్పుడు ఇది నిజంగా నాలాగే నడుస్తోందా అని వెనకబడి చూశాను. ఏమో, కాస్త అలాగే ఉంది.

జూలై 18, శుక్రవారం

ఆయన ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ చెప్పారు.

"శకుంతల ఆఫీసుకి ఫోన్ చేసింది. ఇక పాపని పంపమని అడగదట."

"ఏమైంది?"

"ఏమవుతుంది. 'దానికి ఇష్టం లేకపోతే వద్దులే బావగారూ, బలవంతం చెయ్యను. నేనేం తప్పు చేశానో అది మాత్రం పాపనడిగి చెప్పండి, దిద్దుకుంటాను' అంది. ఏడ్చింది రమా."

ఆయన స్నానానికి వెళ్లారు.

అంటే అయిపోయింది. పిల్ల ఇక్కడే ఉంటుంది. నేను కోరుకున్నది అదే. ఇన్నాళ్లూ రాయలేదు కానీ అదే. నెల క్రితం ఎవరి పిల్లో అన్నట్టున్న పిల్ల, ఇవాళ అది లేని ఇల్లు నేను తలుచుకోలేను. నోరు మెదపకపోతే దాన్ని ఉంచేసుకోవచ్చు. ఎవరికీ తెలియదు.

ఏం తప్పు చేశానో దిద్దుకుంటాను అందట. ఏం దిద్దుకుంటుంది? ఏడాది పాటు అన్నం కలిపి పెట్టింది, జడలేసింది, వాళ్లక్క పోయిన దుఃఖం కడుపులో పెట్టుకుని దీన్ని నవ్వించింది. పెరుగన్నం కలిపి అలాగే సింకులో పోశాను.

జూలై 19, శనివారం

వాన. ఆయన కారు కడిగించాలని పొద్దున్నే వెళ్లారు. వానలో కారు కడిగించే మనిషి ఆయనొక్కరే.

నిహారిక పుస్తకం తెచ్చి ఒళ్లో పడేసింది, గ్లాసూ చెంచా కూడా తనే తెచ్చింది. మొదలుపెట్టాను. రాజుగారు ఓడెక్కారు. ఆవిడ వచ్చే పేజీ వచ్చింది. నిహారిక చెంచాతో టంగుమనిపించింది. నేను చెప్పలేదు.

"ఆంటీ, ఇట్స్ పిన్ని నౌ."

"కాదు. ఈవిడ పిన్ని కాదు. నేను తప్పు చెప్పాను."

"మరి ఎవరు?"

రాక్షసి అని తప్పించుకోవచ్చని ఆ క్షణంలో తట్టింది. ఒకసారి మాట మార్చినందుకే ఇంత అయింది.

"సవతి తల్లి. స్టెప్‌మదర్ అంటే అదీ. వాళ్లమ్మ చనిపోయాక నాన్న ఇంకొకరిని పెళ్లి చేసుకుంటారు చూడు, ఆవిణ్ణి అలా అంటారు. మీ పిన్ని మీ అమ్మ చెల్లెలు. ఆవిడ ఇందులో లేనే లేదు."

"ఐ థాట్ దట్ వాజ్ హర్ నేమ్. స్టెప్‌మదర్."

"పేరు కాదమ్మా."

బొమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ బొమ్మ వైపు. నాకు దాని మనసులో లెక్క జరుగుతున్నట్టు కనబడుతోంది, ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

"లైక్ యూ?"

"అవును. నాలాగ."

"అయితే వైజాగ్‌లో లైట్స్?"

"కరెంటు కోత. కరెంటు ఆఫీసు వాళ్లు తీసేస్తారు. మా ఊళ్లోనూ తీస్తారు, అందరి ఇళ్లలోనూ ఒకేసారి పోతుంది. పాపం మీ పిన్నికి అప్పుడు చెమటలు."

శాలువాలోంచి కాళ్లు తీసుకుంది. పుస్తకం మూసి, చంకలో పెట్టుకుని గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకుంది, గట్టిగా కూడా కాదు.

ఆయన వచ్చాక అంతా చెప్పాను.

"ఇప్పుడు నిన్ను చూసి భయపడితే?"

"భయపడనివ్వండి. శకుంతల చెయ్యని తప్పు ఆవిడ మీద ఎన్నాళ్లుంచుతాను?"

ధైర్యంగానే అన్నాను. తర్వాత బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. సాయంత్రం దాకా అది నాతో మాట్లాడలేదు. అన్నం తిని పళ్లెం తనే సింకులో పెట్టింది, చుట్టాలింట్లో పిల్లలా.

జూలై 20, ఆదివారం

ఫోన్ మోగీ మోగగానే పరుగెత్తింది. నేను వంటింట్లో కాలీఫ్లవర్ తరుగుతున్నాను. ఆయన సోఫాలో పేపరు అడ్డం పెట్టుకున్నారు.

"పిన్నీ! వైజాగ్‌లో లైట్స్ ఎవరు ఆఫ్ చేస్తారు?"

అవతల శకుంతల ఏమందో.

"నాట్ యూ? ప్రామిస్? ఓకే." తర్వాత, "వై ఆర్ యూ క్రయింగ్, పిన్నీ? ఐ సెడ్ ఓకే."

నవ్వు మొదలైంది. మూడు వారాల నవ్వు ఒక్కసారి. పళ్లు ఊడిన సంగతి, స్కూల్లో చేప చచ్చిపోయిన సంగతి, అన్నీ చెప్పింది. డిసెంబరులో వస్తానంది. నీ పక్కనే పడుకుంటానంది. నేను తరుగుతూనే ఉన్నాను. నిన్న ఆ మాట చెప్పేటప్పుడే ఇలా అవుతుందని నాకు తెలుసు. పిల్లని దాని మనిషికి ఇచ్చేశాను, ఇక ఏడవడానికేముంది అనుకున్నాను.

ఇంతలో దాని గొంతు మారింది. తెలుగులో మాట్లాడుతోంది. దానికి తెలుగు అర్థమైనంతగా మాట్లాడటం రాదు, పొడుగ్గా చెప్పాలంటే ఒక్కో మాటా వెతుక్కోవాలి.

"స్కూల్ వద్దు పిన్నీ. హాలిడేస్‌కే. మళ్లీ వచ్చెయ్యాలి నేను." కాసేపు వింది. "కాదు. నాన్న ఆఫీస్‌కి వెళ్తారు కదా. అప్పుడు ఇక్కడ ఆంటీ... ఆంటీ ఒక్కతే ఉంటుంది."

ఆయన పేపరు దించి నా వైపు చూశారు. నేను తలెత్తలేదు. కత్తి పక్కన పెట్టి, తరిగిన ముక్కలనే మళ్లీ కడిగాను.

ఒక్కతే. ఏప్రిల్ నుంచీ ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఇందులో కూడా ఎక్కడా రాయకుండా జాగ్రత్తపడ్డాను. అది ఎప్పుడు చూసిందో.